బొనెయిర్‌లో డైవింగ్‌కి వెళ్తే సామాన్లు ఎక్కడ పెట్టాలి? ట్రక్కుకి తాళం వేయాలా, వద్దా?

మీరు అడిగింది ఇదీ: డల్లాస్ నుంచి రెండు జంటలు, డిసెంబరులో ఎనిమిది రోజులు కరీబియన్ సముద్రంలోని బొనెయిర్ దీవికి వెళ్తున్నారు. ఒడ్డు నుంచే నీళ్లలోకి దిగే స్కూబా డైవింగ్ మీకు ఇదే మొదలు. అద్దెకి తీసుకునే పికప్ ట్రక్కులో ఏది పెట్టినా దొంగలు ఎత్తుకుపోతారని ఒకరు, ట్రక్కుకి అసలు తాళమే వేయొద్దని ఇంకొకరు చెప్పేసరికి టెన్షన్ పట్టుకుంది. పాస్‌పోర్టులు, ఫోన్లు, తాళంచెవి, మంగళసూత్రాలు ఎక్కడ పెట్టాలి, నలుగురిలో ఒకరు ఒడ్డున కాపలా ఉండాలా అన్నది మీ సందేహం.

నేను హ్యూస్టన్‌లో ఉంటాను. పద్నాలుగేళ్లుగా డైవింగ్ చేస్తున్నాను, బొనెయిర్‌కి ఐదుసార్లు వెళ్లొచ్చాను. రెండోసారి మా ట్రక్కులో దొంగతనం జరిగింది. అందులో సగం తప్పు నాదే. ముందు ఆ సంగతి చెప్పేస్తే మీ ప్రశ్నల్లో చాలావాటికి జవాబు దొరికినట్టే.

దీవికి దక్షిణాన ఏంజెల్ సిటీ అని ఒక చోటుంది. రోడ్డు పక్కనే పేరు రాసిన పసుపు రాయి కనపడుతుంది, అక్కడ బండి ఆపి నీళ్లలోకి నడిచి వెళ్లిపోవడమే. బొనెయిర్ అంతా ఇలా పసుపు రాళ్లే గుర్తులు. మా ఆయనా నేనూ ట్రక్కు ఆపి, కిటికీల అద్దాలు పైకెత్తి, నాలుగు తలుపులకీ తాళం వేసి, ఒకటికి రెండుసార్లు లాగి చూసుకుని మరీ దిగాం. వెనక సీటు కింద ఒక బ్యాగు. దాని మీద తువ్వాలు కప్పాం, అదే దాచడం అనుకున్నాం. యాభై నిమిషాల తరవాత పైకి వచ్చేసరికి డ్రైవర్ పక్క అద్దం పగిలి సీటు నిండా గాజు ముక్కలు. బ్యాగు లేదు. అందులో ఉన్నవి నలభై డాలర్లు, ఒక పాత ఫోను, స్టీలు డబ్బాలో పులిహోర, నా కళ్లజోడు.

ఫోను, డబ్బూ పోతే పోయాయి. కళ్లజోడు లేకపోతే నాకు పక్క మనిషి ముఖం కూడా ఆనదు, మైనస్ ఐదు పవర్. ఆ ట్రక్కేమో గేరు బండి. మా ఆయన అమెరికా వచ్చాకే డ్రైవింగ్ నేర్చుకున్నారు, ఆటోమేటిక్ తప్ప చేతకాదు. నేను కాకినాడలో మా నాన్నగారి పాత మారుతి మీద నేర్చుకున్నదాన్ని కాబట్టి క్లచ్చు నాకే తెలుసు. ఇంకేం చేస్తాం, పవర్ అద్దాలున్న డైవింగ్ మాస్క్ మళ్లీ ముఖానికి తగిలించుకుని, ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీలుస్తూ, గాజు ముక్కల మీద తువ్వాలు పరుచుకుని, క్రాలెన్‌డైక్ ఊళ్లోకి ఐదారు కిలోమీటర్లు నడిపాను. ఎదురుగా వచ్చే ట్రక్కుల్లోని డైవర్లు నన్ను చూసి బొటనవేలూ చూపుడువేలూ కలిపి 'ఓకేనా?' అని సైగ చేశారు. నేనూ ఓకే అనే సైగ చేశాను. ఏం ఓకేనో ఆ దేవుడికే తెలియాలి.

మర్నాడు అదే చోటికి వెళ్లి వెతికితే వంద అడుగుల దూరంలో కాక్టస్ పొదల వెనక బ్యాగు దొరికింది. పులిహోర డబ్బా మూత తీసి, వాసన చూసి, మళ్లీ పెట్టేసినట్టున్నాడు. కళ్లజోడు మాత్రం దొరకలేదు. గట్టి పెట్టెలో ఉందిగా, ఖరీదైన చలువ కళ్లద్దాలనుకుని పట్టుకుపోయి ఉంటాడు. పగిలిన అద్దానికి అద్దె కంపెనీ వాళ్లు వసూలు చేసింది, పోయిన వస్తువులన్నిటి విలువ కంటే ఎక్కువ.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. తాళం వేయొద్దన్న మాట నిజమే. అద్దాలు కిందికి దించి, తలుపుల తాళాలు తీసి, డాష్‌బోర్డు అర కూడా తెరిచి, లోపల ఏమీ లేదని దారిన పోయేవాడికి కూడా కనపడేలా వదిలి వెళ్లాలి. మన హైదరాబాద్ బుర్రకి ఇది ఒక పట్టాన ఎక్కదు. కానీ దొంగ వైపు నుంచి ఆలోచించండి. మీరు గాలి ట్యాంకు తగిలించుకుని నీళ్లలో మునిగిన క్షణం నుంచి అతనికి కనీసం నలభై నిమిషాలు దొరికినట్టే. మీరు మధ్యలో తిరిగి రారని అతనికి తెలుసు. అంత తీరిక ఉన్నవాడికి తాళం ఒక లెక్క కాదు, ఒక్క రాయి దెబ్బ. పైగా తాళం వేసిన బండి చూస్తే 'లోపల ఏదో ఉంది' అని మీరే చెప్పినట్టు. ఖాళీ బండి తెరిచి ఉంటే ఒకసారి తల పెట్టి చూసి వెళ్లిపోతాడు, అద్దం మిగులుతుంది.

దాచడం గురించి కూడా ఒక మాట. ఏంజెల్ సిటీకి పక్కనే హిల్మా హూకర్ అనే ఓడ దాదాపు 30 మీటర్ల లోతున పక్కకి ఒరిగి పడుంది, మీరు తప్పకుండా చూస్తారు. 1984లో అది ఇంజను పాడై బొనెయిర్ వచ్చింది. అధికారులు సోదా చేస్తే దొంగ గోడ వెనక పదకొండు టన్నుల గంజాయి బయటపడింది. ఓడల్లో గోడలు కట్టి దాచినవే దొరికిపోతుంటే మన తువ్వాలు కింద బ్యాగు ఎంత? సీటు కింద, స్టెప్నీ వెనక, టైరు మీద తాళంచెవి... ఈ చోట్లన్నీ వాళ్లకి మనకంటే బాగా తెలుసు. ఎక్కడ పెడుతున్నారో దూరం నుంచి చూస్తూ ఉండే అవకాశం కూడా ఉంది, దక్షిణ భాగమంతా ఉప్పు మడుల మైదానం, చెట్టు అడ్డం లేదు.

కాబట్టి దేన్ని ఎక్కడ దాచాలి అని కాకుండా, దేన్ని గదిలోనే వదిలేయాలి అని ఆలోచించండి. మనకి ఇది కొత్తేం కాదు. గుడికి వెళ్లేటప్పుడు పాత చెప్పులు వేసుకుని వెళ్తాం కదా, అచ్చం అంతే. కొత్త చెప్పులు గుడి బయట వదిలినవాడికి లోపల స్వామి ముందు నిలబడ్డా ధ్యాసంతా గుమ్మం దగ్గరే.

ఇది ఊరికే పోలిక కోసం చెప్పట్లేదు. బొనెయిర్ మొదటి ట్రిప్పులోనే మేం సాల్ట్ పియర్ దగ్గర దిగాం. ఆ ఉప్పు జెట్టీ స్తంభాల మధ్య ఈదడం జీవితంలో మరిచిపోలేని డైవ్ అంటారు. నాకు మాత్రం ఆ డైవ్‌లో ఒక్క చేప కూడా గుర్తు లేదు. ఆ రోజు ట్రక్కులో కెమెరా బ్యాగు వదిలాను. ముప్పై నిమిషాలు కూడా కాకముందే మా ఆయనకి పైకి పోదామని సైగ చేశాను. పైకి వచ్చేటప్పుడు ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లగా పోవడానికి ఐదు మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగాలి కదా (దాన్నే సేఫ్టీ స్టాప్ అంటారు), అది కూడా ఆగకుండా పైకి వచ్చేశాను. కెమెరా భద్రంగానే ఉంది. మా ఆయన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, ఆయన కోపంలో న్యాయం ఉంది. సామాను పోతే కొనుక్కోవచ్చు, కంగారులో సేఫ్టీ స్టాప్ ఎగ్గొట్టి ఒంటి మీదికి తెచ్చుకుంటే ఏం కొంటాం? మీ నలుగురిలో ఎవరికైనా నీళ్లలో ఉండగా ట్రక్కు గుర్తొస్తోందంటే, ఆ ట్రక్కులో ఉండకూడనిది ఏదో ఉందన్నమాట.

పొద్దున గది నుంచి బయల్దేరేటప్పుడే వెట్‌సూట్ (డైవింగ్‌కి వేసుకునే రబ్బరు దుస్తులు) నడుం దాకా ఎక్కించుకోండి, పైన పాత టీషర్టు. కాళ్లకి డైవింగ్ బూట్లు, విడిగా చెప్పులు వద్దు. చెప్పులు కూడా పోతాయి. ఎండకి కాలిన పగడపు రాళ్ల మీద ఒట్టి కాళ్లతో నడవడం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. తువ్వాళ్లు పాతవి, చిరుగులుంటే ఇంకా మంచిది. నీళ్ల సీసాలు. రెండో డైవ్ కోసం ట్రక్కు వెనక స్టాండులో నిలబెట్టిన ట్యాంకుల గురించి దిగులు పడకండి, అంత బరువు ఎత్తుకుపోయి, కంపెనీ గుర్తులున్న ట్యాంకుని ఎవరికి అమ్ముతాడు? కానీ ట్యాంకుకి రెగ్యులేటర్ (ట్యాంకులోని గాలి పీల్చుకునే పరికరం) బిగించి వదలొద్దు. మీ దగ్గర స్పేర్ రెగ్యులేటర్, స్పేర్ డైవ్ కంప్యూటర్ (లోతూ సమయమూ చూపించే చేతి గడియారం లాంటిది) ఉంటే అవి గదిలోనే.

రెండు డైవ్‌ల మధ్య గదికి వచ్చేయండి. దీవి పొడవు మొత్తం కలిపి నలభై కిలోమీటర్ల లోపే, దక్షిణ కొన నుంచి ఊళ్లోకి అరగంట. మీ ఫోన్లూ కెమెరాలూ అప్పుడు గదిలో చూసుకోవచ్చు. రోజంతా బయటే ఉండాలని మధ్యాహ్నం భోజనం, మార్చుకునే బట్టలు, పుస్తకాలు అన్నీ సర్దుకున్నవాళ్లే ఎక్కువగా పోగొట్టుకుంటారు, నేను చూసినంతలో.

ఇక తాళంచెవి. ట్రక్కు తీసుకునేటప్పుడే రిమోట్ లేని మామూలు ఇనప తాళంచెవి ఉన్న బండి కావాలని అడగండి, డైవర్లకి ఇచ్చే పికప్‌లలో చాలావాటికి అదే ఉంటుంది. దాన్ని చిన్న క్లిప్పుతో బీసీడీ (నీళ్లలో తేలడానికి వేసుకునే గాలి జాకెట్) జేబు లోపలి రింగుకి తగిలించండి. ఒట్టి జేబులో వేస్తే నీళ్లలో ఇంకేదో తీస్తుండగా జారిపోతుంది. తాళంచెవి ఒకరి దగ్గరే, ఎవరి దగ్గరో నలుగురికీ తెలిసి ఉండాలి. రోజూ సాయంత్రం మంచినీళ్లలో కడగండి. ఒకవేళ రిమోట్ ఉన్నదే ఇస్తే, లోతు రేటింగ్ ఉన్న చిన్న డ్రై బాక్స్ (నీళ్లు చొరని డబ్బా) ఒకటి కొనుక్కెళ్లండి. మొదటి డైవ్‌లో దాంట్లో తాళంచెవి పెట్టొద్దు. ఒక టిష్యూ కాగితం మడిచి పెట్టి కిందికి తీసుకెళ్లండి. పైకి వచ్చాక కాగితం పొడిగా ఉంటే రెండో డైవ్ నుంచి తాళంచెవి పెట్టుకోవచ్చు. రబ్బరు రింగు మీద ఒక్క ఇసుక రేణువు చాలు, నీళ్లు లోపలికి రావడానికి.

డ్రైవర్ లైసెన్స్ ప్లాస్టిక్ కార్డే, తడిస్తే ఏమీ కాదు, అదీ జిప్పున్న జేబులో మీతోనే నీళ్లలోకి. దాంతోపాటు ఒక ఇరవై డాలర్ల నోటు. అక్కడ 2011 నుంచి చలామణీ అయ్యేది అమెరికన్ డాలరే, ఆ నోటు నూలుతో చేసింది కాబట్టి తడిసినా ఆరబెట్టుకోవచ్చు. తడి డబ్బు ఇస్తే దుకాణంలో ఎవరూ వింతగా చూడరు.

ఫోను నీళ్లకి తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉందని నమ్మి జేబులో వేసుకుని దిగకండి. వాళ్లు చెప్పేది మహా అయితే ఆరు మీటర్లు, అరగంట. మీరు వెళ్లేది దానికి మూడింతలు. ఫోను లేకుండా ఎలా, ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి అంటారా, అది న్యాయమైన భయమే. నేనైతే ఒక పాత ఫోను, పగిలినా పోయినా బాధ లేనిది, డ్రై బాక్స్‌లో పెట్టి వెంట తీసుకెళ్తాను. అక్కడ పోలీసులకి 911, అంబులెన్స్‌కి 912. అమెరికా అలవాటులో అన్నిటికీ 911 కొట్టేస్తాం, ఈ తేడా నలుగురూ గుర్తుపెట్టుకోండి.

కాపలా విషయం. నలుగురిలో ఇద్దరు దిగి ఇద్దరు ఒడ్డున కూర్చుంటే మీ డైవ్‌లు సగానికి సగం తగ్గిపోతాయి, అందుకోసం అంత డబ్బు పోసి వెళ్లడం దేనికి? ఎవరికైనా జలుబు చేసి ఆ రోజు దిగలేకపోతే సరే, ట్రక్కు నీడలో కూర్చోవచ్చు. కానీ ఎవరైనా బండి దగ్గరికి వస్తే వాళ్లతో గొడవ పడొద్దని ముందే చెప్పి ఉంచండి. 'బొన్ దియా' అని గట్టిగా పలకరిస్తే చాలు, ఉదయం వాళ్లు చెప్పుకునే నమస్కారం అది. పని మీద వచ్చినవాడైతే నవ్వుతాడు, వేరే పని మీద వచ్చినవాడైతే వెళ్లిపోతాడు. ఇక్కడే ఇంకో మాట కూడా చెప్పాలి. బొనెయిర్ మనుషులు చాలా మర్యాదస్తులు. నా అద్దం పగిలిన రోజు దారిలో ఆగి, తన ఇంట్లోంచి చీపురు తెచ్చి సీటు ఊడ్చి పెట్టింది ఒక స్థానిక పెద్దావిడే. నలుగురైదుగురు చేసే పనికి ఊరందరినీ అనుమానంగా చూడకండి.

చోటుని బట్టి కూడా ప్రమాదం మారుతుంది. హోటళ్ల ముందుండే రీఫ్‌ల (పగడపు దిబ్బల) దగ్గర ఎప్పుడూ జనం ఉంటారు, అక్కడ నిశ్చింత. థౌజండ్ స్టెప్స్ దగ్గర ట్రక్కు పైన కొండ అంచున, మీరు కింద. మెట్లు వెయ్యి కావు, డెబ్భై దాకా ఉంటాయి. ట్యాంకు మోసుకుని ఎక్కేటప్పుడు మాత్రం వెయ్యిలాగే ఉంటాయి, అక్కణ్నుంచి బండి అసలు కనపడదు. దక్షిణాన విసిరేసినట్టుండే చోట్లు అందమైనవే, కానీ నిర్మానుష్యం. వాటిని మానేయమని అనను, నాకు ఇష్టమైన డైవ్‌లు అక్కడే ఉన్నాయి. ఒట్టి చేతులతో వెళ్లండి, అంతే. నైట్ డైవ్‌లు మాత్రం బస చేసిన చోటి రీఫ్‌లోనే చేసుకోండి. చీకట్లో రోడ్డు పక్కన ఒంటరి ట్రక్కు వదలడం నాకు ఇప్పటికీ ఇష్టం ఉండదు. పక్కనే ఉన్న చిన్న దీవి క్లైన్ బొనెయిర్‌కి బోటులో వెళ్తారు కాబట్టి అక్కడ ఈ గొడవే లేదు. అండమాన్‌లో, మాల్దీవుల్లో డైవింగ్ చేసినవాళ్లకి ఇదంతా వింతగా అనిపించేది అందుకే. అక్కడ సామాను బోటులో మనుషుల మధ్య ఉంటుంది.

బస చేసే గది సంగతి చాలామంది పట్టించుకోరు. అపార్ట్‌మెంట్ తీసుకుంటే గదిలో సేఫ్ ఉందా, అది గోడకో నేలకో బిగించి ఉందా అని బుక్ చేసేముందే ఫొటో అడగండి. బిగించని సేఫ్ అంటే దొంగకి మనమే అన్నీ ఒకచోట సర్ది, మోసుకుపోవడానికి వీలుగా పెట్టి ఇచ్చినట్టు. జరిపే అద్దం తలుపులుంటే కింద పట్టాలో ఒక కర్ర ముక్క అడ్డం పెట్టండి, మన పల్లెటూరి గడియ లాంటిదే. తడి సామాను రాత్రి వరండాలో ఆరేయొద్దు. రెగ్యులేటర్లు, కంప్యూటర్లు బాత్‌రూములో, వెట్‌సూట్లు మాత్రం బయట ఉన్నా పర్వాలేదు.

పాస్‌పోర్టులు సేఫ్ దాటి బయటికి రాకూడదు. మీలో ఇద్దరు హెచ్1బీ మీద ఉన్నామన్నారు కదా. దీవిలో మన ఎంబసీ లేదు. వీసా స్టాంపు ఉన్న పాస్‌పోర్టు అక్కడ పోతే కొత్త పాస్‌పోర్టు, ఆపైన మళ్లీ వీసా స్టాంపింగ్, అప్పుడుగానీ డల్లాస్ ముఖం చూడలేరు. కెమెరా పోతే వారం బాధ, ఇది పోతే ఉద్యోగం దాకా వస్తుంది. పాస్‌పోర్టు, వీసా పేజీ, ఐ-797 (హెచ్1బీ ఆమోద పత్రం) కాగితాల రంగు కాపీలు ఒక సెట్ సూట్‌కేసులో, ఇంకో సెట్ ఈమెయిల్‌లో. అద్దె బండికి, స్కూటరుకి డిపాజిట్‌గా ఒరిజినల్ పాస్‌పోర్టు పెట్టుకుంటామంటే ఒప్పుకోకండి. థాయ్‌లాండ్ దీవుల్లో ఈ అలవాటు ఉంది, రేపు అటు వెళ్లినా గుర్తుంటుంది.

మంగళసూత్రాల గురించి మొహమాటపడుతూ అడిగారు, మొహమాటం అక్కర్లేదు. నేను నల్లపూసలు, ఉంగరాలు, గాజులు అన్నీ హ్యూస్టన్‌లో లాకర్లో పెట్టి వెళ్తాను. దొంగల కంటే సముద్రమే పెద్ద దొంగ. నీళ్లలో వేళ్లు చల్లబడి సన్నబడతాయి, ఉంగరం ఎప్పుడు జారిందో కూడా తెలీదు. గొలుసు బీసీడీ పట్టీలకి, వెట్‌సూట్ జిప్పుకి చిక్కుకుని తెగుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరంటే పసుపుతాడుకి పసుపు కొమ్ము కట్టుకుని వెళ్లండి. మా అత్తగారు మొదట గొణిగారు. గొలుసు సముద్రంలో పోతే ఏం చేస్తామని నేను అడిగాక ఆ పసుపు కొమ్ము ఆవిడే కట్టి ఇచ్చారు.

విమానంలో సామాను విషయంలో నాకో దెబ్బ తగిలింది, అది కూడా చెప్పేస్తాను. ఒకసారి తిరుగు ప్రయాణంలో డైవ్ కంప్యూటర్‌ని చెకిన్ బ్యాగులో వేశాను. జిప్పు బ్యాగుకి తాళం వేసి లాభం లేదు. బాల్‌పెన్ మొనతో జిప్పు పళ్ల మధ్య పొడిస్తే విడిపోతుంది, పని అయ్యాక రన్నర్‌ని అటూ ఇటూ లాగితే మళ్లీ మూసుకుంటుంది. తాళం వేసింది వేసినట్టే ఉంది, కంప్యూటర్ లేదు. ఇంటికి వచ్చి బ్యాగు ఓ మూల పడేశాను, పదో రోజు తెరిచి చూశాను. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు అప్పుడు ఫిర్యాదు చేస్తే, గడువు దాటిందన్నారు. అంతర్జాతీయ ప్రయాణంలో బ్యాగు చేతికి వచ్చిన ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. చేసినా వాళ్ల బాధ్యత మనిషికి 1,519 ఎస్‌డీఆర్ (ఐఎంఎఫ్ వాడే లెక్క) వరకే, అంటే సుమారు రెండు వేల డాలర్లు. అందుకని రెగ్యులేటర్, కంప్యూటర్, పవర్ మాస్క్, కెమెరా నాలుగూ చేతి బ్యాగులోనే. టార్చిలైట్ల స్పేర్ లిథియం బ్యాటరీలు ఎలాగూ చెకిన్‌లో వేయనివ్వరు. ఫిన్స్ (ఈతకి కాళ్లకి తొడిగే రెక్కలు), వెట్‌సూట్, బీసీడీ చెకిన్‌లో పంపినా పర్వాలేదు. ఇంటికి రాగానే ఎంత అలసటగా ఉన్నా బ్యాగు తెరిచి చూసుకోండి.

ఇన్సూరెన్స్ కాగితాలు ఒక సాయంత్రం కూర్చుని చదవండి. డైవర్లం తీసుకునే డ్యాన్ (డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్) ప్రమాద బీమా ఒంటికి ఏమైనా అయితే వైద్యానికి, పోయిన కెమెరాకి కాదు. సామాన్ల బీమా విడిగా తీసుకోవాలి. మీరు డల్లాస్‌లో అద్దె ఇంటికి తీసుకున్న రెంటర్స్ పాలసీలో ఇంటి బయట పోయిన వస్తువులకి కూడా మామూలుగా రక్షణ ఉంటుంది, డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి భరించాల్సిన మొత్తం) ఎంతో చూసుకోండి. ట్రక్కు విషయంలో మాత్రం క్రెడిట్ కార్డు మీద భరోసా పెట్టుకోకండి. వెనక తొట్టి తెరిచి ఉండే పికప్‌లకి మా కవరేజీ వర్తించదని చాలా కార్డుల చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అద్దె కంపెనీ ఇచ్చే బీమాలో అద్దం పగిలితే, దొంగతనం జరిగితే ఎవరు కడతారో సంతకం పెట్టేముందే అడగండి.

వస్తువుల సీరియల్ నంబర్లు ఫొటో తీసి పెట్టుకోండి. కెమెరా ఖరీదైనదైతే బయల్దేరేముందు ఎయిర్‌పోర్టు కస్టమ్స్ ఆఫీసులో ఫారం 4457 మీద ముద్ర వేయించుకోండి. తిరిగొచ్చేటప్పుడు అది అక్కడ కొన్నది కాదని రుజువు, పోతే మీదేనని చూపడానికీ పనికొస్తుంది. ఇండియా నుంచి బయల్దేరేవాళ్లకి కూడా కస్టమ్స్‌లో ఇలాంటి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ ఇస్తారు. దొంగతనం జరిగితే చిన్నదని వదిలేయకుండా క్రాలెన్‌డైక్ పోలీస్ స్టేషన్‌కి వెళ్లి రిపోర్టు రాయించి కాపీ తీసుకోండి. అది లేకుండా ఏ బీమా కంపెనీ దగ్గరా పని జరగదు. బ్యాగులో పెట్టిన ట్రాకర్ ఫలానా ఇంట్లో చూపిస్తోందని మీరే వెళ్లి తలుపు కొట్టకండి, ఆ చుక్క పోలీసులకి చూపించండి.

పోయాయనుకున్నవాటిలో కొన్ని అసలు దొంగతనాలే కావు. కడిగే తొట్టెల దగ్గర, ఆరేసే కొక్కేల మీద అందరి నల్ల ఫిన్స్ ఒకేలా ఉంటాయి, ఎవరో పొరపాటున పట్టుకుపోతారు. నేను నా ఫిన్స్ మీద, బీసీడీ మీద, మాస్క్ పట్టీ మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో పెద్దగా 'క' అని రాసుకుంటాను. బొనెయిర్‌లో ఇంకో 'క' నాకు ఇంతవరకూ కనపడలేదు. ఒకసారి ఒక డచ్ పెద్దాయన నా ఫిన్స్ తీసుకుపోయి, గంట తరవాత వెతుక్కుంటూ వచ్చి, 'ఈ వంకర బొమ్మ మీదేనా?' అని ఇచ్చి వెళ్లారు.

చివరిగా, మీరు అడగకపోయినా, తిండి. అద్దాలు దించి బండి వదలమన్నాను కదా, దానికి ఒక చిక్కుంది. ఆ దీవిలో గాడిదలు రోడ్ల మీద స్వేచ్ఛగా తిరుగుతాయి, తెరిచిన కిటికీలోంచి తల లోపలికి పెట్టడానికి వాటికి ఏ మొహమాటమూ ఉండదు. నా పులిహోరని ఆ దొంగ వదిలేశాడుగానీ ఇవి వదలవు. మూత గట్టిగా బిగుసుకునే ఐస్ బాక్స్ ఒకటి తీసుకెళ్లి, దాన్ని సీటులో కాకుండా వెనక తొట్టిలో, ట్యాంకుల మధ్య ఇరికించి పెట్టండి.